పాట రాని రేడియో

మా సిగ్నల్ మేస్త్రి పోయారన్న కబురు నాకు చేరేసరికి దహనం కూడా అయిపోయి రెండు రోజులైంది. భీమిలి బజార్లో సాయంత్రం వంకాయలు ఏరుకుంటుంటే ఫోను మోగింది. తెర మీద మేస్త్రి అనే ఉంది. "ఏటి మేస్త్రీ, మబ్బట్టినాదా?" అన్నాను అలవాటు కొద్దీ. అవతల గొంతు ఆయనది కాదు.

"నాను మేస్త్రి మేనల్లుణ్ణండి, యారాడ నుంచి మాటాడతన్నాను. మావ పోనాడండి. మొన్న పొద్దున్న, నిద్దట్లోనే." తర్వాత సంజాయిషీగా అన్నాడు. "మావ ఫోన్లో డ్రైవర్ బావ అని ఉన్నాది. మీరెవురో మాకు తెల్దు. మా సుట్టాల్లో డ్రైవర్లు ఎవురూ నేరు. అందరికీ సేసీసి ఆకర్న మీకు సేత్తన్నాను. ఏటీ అనుకోకండి."

ఏమీ అనుకోలేదు. అనుకోవడానికి నాకు హక్కు లేదు కూడా. "ఇంతకీ మీరెవురండి?" అని అతను అడిగితే "కలిసి పన్జేసినాం" అని ఫోను పెట్టేశాను. అది అబద్ధం. మేం కలిసి పని చేయలేదు. నేను ఇంజను మీద, ఆయన పట్టాల పక్కన. నేనెవరో చెప్పాలంటే ఆ బజార్లో నిలబడి చెప్పే సంగతి కాదు. అందుకే ఇంటికొచ్చి, మా ఆవిడకి వంకాయలు ఇచ్చి, ఇది రాయడం మొదలుపెట్టాను.

నేను గూడ్సు బండి డ్రైవర్ని. కొండల నుంచి ముడి ఇనుము నింపుకొని ఓడరేవుకి దించే బళ్ళు ముప్పై ఏళ్ళు తోలాను. మేస్త్రి ఆ లైన్లో కొన్ని మైళ్ళ మేర సిగ్నళ్ళు చూసుకునే మనిషి. నాకంటే ఎనిమిదేళ్ళు పెద్ద. పొట్టి మనిషి, చెవి మీద ఎప్పుడూ ఒక పెన్సిలు, చేతిలో ఒక ఇనప బకెట్టు. ఆ బకెట్లో పనిముట్లు, అన్నం డబ్బా, పాత రేడియో. పని చోటికి చేరగానే అవన్నీ కింద పెట్టి, బకెట్టు బోర్లించి, దాని మీద కూర్చునేవారు. పట్టా మీద మాత్రం ఎంత ఎండలోనైనా, ఎంత అలిసిపోయినా కూర్చునేవారు కాదు. ఏ తీగనైనా ముందు చేతి వెనక వైపుతో తాకి చూసేవారు. ఇంట్లో గ్లాసు అందిస్తే కూడా అలాగే తాకి పుచ్చుకునేవారు. మా ఆవిడ అది చూసి నవ్వేది.

చదివేవాళ్ళకి ఆయన పనేమిటో కొంచెం చెప్పాలి. కరెంటు బండికి పైన తీగ ఉంటుంది కదా, దాన్లో ఇరవై అయిదు వేల వోల్టులు. కింద పట్టాల పక్కన, మట్టిలో, సిగ్నళ్ళకి వెళ్ళే తీగలుంటాయి. వాటిలో పారేది బొటాబొటీ కరెంటు. పై దానికీ కింది దానికీ ఎక్కడా ముడి లేదు. అయినా పక్కింట్లో పెళ్ళిబాజా ఒక్కసారి మోగితే మనింట్లో ఉయ్యాల్లో పిల్లాడు ఉలిక్కిపడ్డట్టు, పై తీగలో కరెంటు ఎగిరిపడితే కింది తీగ కూడా ఉలిక్కిపడుతుంది. క్షణంలో సగం సేపు. ఆ ఉలికిపాటు సిగ్నల్ దాకా పోకుండా, కేబులు పై తొడుగుని భూమిలోకి కలిపి ఉంచుతారు. దాన్నే ఎర్తు అంటారు. మేస్త్రి ఉద్యోగంలో సగం ఆ ఎర్తు చూసుకోవడమే. వేసవిలో ఎర్తు గుంతలకి నీళ్ళు మోసి పోసేవారు, ఇంట్లో మొక్కలకి పోసుకున్నట్టే. సముద్రం గాలికి ఇనుము ఊరికే తుప్పు పట్టేస్తుంది కాబట్టి, తుప్పు గీకడం, రంగు వేయడం కూడా ఆయన పనే. ఈ రంగు మాట గుర్తుంచుకోండి.

ఒక మే నెల పొద్దున్న, యాభై ఎనిమిది బోగీల ముడి ఇనుముతో ఓడరేవు వైపు దిగుతున్నాను. ఎదురుగా సిగ్నల్ పసుపు. పసుపంటే ముందు ఆగాల్సి ఉంది, ఈ సిగ్నల్ మాత్రం దాటొచ్చు. నిదానంగానే వస్తున్నాను. సిగ్నల్ ఇంకా నాలుగు స్తంభాల దూరం ఉందనగా పసుపు పోయి ఎరుపు వెలిగింది. నా కళ్ళ ముందే. బ్రేకు వేశాను. వేస్తే ఆగుతుందా? వెనక అంత ఇనుము తోసుకొస్తుంటే. సిగ్నల్ దాటి రెండు బోగీల దూరం పోయి ఆగింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు, దేనికీ గీత పడలేదు. అయినా ఎరుపు దాటిన డ్రైవరంటే మా ఉద్యోగంలో హంతకుడితో సమానం. ఆ మధ్యాహ్నమే నన్ను ఇంజను దించేశారు.

నా పక్కన ఉన్న అసిస్టెంటు ఆ క్షణంలో తల దించుకుని పుస్తకం రాసుకుంటున్నాడు. ఎంక్వైరీలో నిజమే చెప్పాడు. "నాను సూడనేదు సార్. నాను తలెత్తినపుడికి ఎరుపే." అతన్ని తప్పు పట్టలేను. సిగ్నల్ని మర్నాడు పరీక్ష చేస్తే అన్నీ సవ్యంగా ఉన్నాయి. ఏ దీపం ఎప్పుడు మారిందో రాసిపెట్టుకునే యంత్రం ఆ పాత లైన్లోకి అప్పటికింకా రాలేదు. ఇంక మిగిలింది నా మాట ఒక్కటే. ఉద్యోగం పోతుందని భయపడే మనిషి మాట ఎవడు నమ్ముతాడు? డ్రైవర్లే నమ్మలేదు. "కన్ను మూతపడిపోయుంటాదిలే బావా, ఒప్పీసుకో, తగ్గిత్తారు" అని సలహా ఇచ్చిన మహానుభావులున్నారు. ఒప్పుకుంటే తగ్గించరు, ఇంటికి పంపేస్తారు. నాకు అప్పటికి ముప్పై తొమ్మిదేళ్ళు. ఇంకే పనీ రాదు.

సస్పెండైనవాడికి పగలు గడవదు. ఇంట్లో మా ఆవిడ మొహం చూడలేక, రోజూ పొద్దున్నే సైకిలేసుకుని ఆ సిగ్నల్ దగ్గరికే పోయేవాణ్ణి. బాట పక్కన నిలబడి దాన్నే చూసేవాణ్ణి, మళ్ళీ ఒకసారి అలా మారుతుందేమోనని. మూడో రోజు వెళ్ళేసరికి సిగ్నల్ పెట్టె పక్కన బోర్లించిన బకెట్టు మీద మేస్త్రి కూర్చుని ఉన్నారు. అంతవరకు మాకు మొహపరిచయం తప్ప మాటల్లేవు. చెవి దగ్గర రేడియో. కళ్ళు మూసుకుని హాయిగా తలూపుతున్నారు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"నా బతుకు ఇక్కడ తగలడిపోతంటే నీకు పాటలు కావాల్సొచ్చినాయేటి మేస్త్రీ?" అన్నాను.

ఆయన కళ్ళు తెరిచి, రేడియో నా చెవి దగ్గర పెట్టారు. "పాటేటీ నేదు బావా. కూకో. ఇను."

నిజంగానే పాట లేదు. ఏ కేంద్రమూ పలకని చోట ముల్లు ఆపి పెట్టి ఉంది. ఒట్టి గరగర. దూరంగా బండి వస్తోందనగా ఆ గరగర చిక్కబడింది. బండి పైన తీగకి రాసుకునే చోట నిప్పురవ్వ రాలినప్పుడల్లా రేడియోలో చిటుక్కుమంది. మేస్త్రి నా వైపు చూసి, "ఇన్నావా బావా?" అన్నారు. అది మొదటిసారి. ఆ తర్వాత ఎన్ని వందలసార్లు విన్నానో ఆ మాట. ఆయన అందరినీ బావా అనే పిలిచేవారు, మా వైపు అది మామూలే. నేను మాత్రం ఆయన్ని మేస్త్రీ అనే అన్నాను, చివరిదాకా.

ఆ విద్య ఆయనకి ఏ ట్రైనింగులోనూ నేర్పలేదు. ఆయనది యారాడలో సముద్రం మీద చేపల వేటకెళ్ళే కుటుంబం. వాళ్ళ నాన్న రేడియోని ప్లాస్టిక్ సంచిలో చుట్టి పడవలో పెట్టుకునేవాడట. పాటల కోసం కాదు. "దూరంగా మెరిస్తే రేడియో గరగరమంతాది బావా. మెరుపు మన కంటికి అవుపించక ముందే. గరగర ఎక్కువైనాదంటే మా అయ్య వల లాగీసి పడవ తిప్పీసీవోడు. మిగతావోలు నవ్వీవోలు. నవ్వినా మా అయ్య ఎప్పుడూ ఒడ్డుకి ఒచ్చీసీవోడు." ఆ రేడియోనే ఇది. తోలు తొడుగు ఊడిపోయి, వెనక మూతకి సైకిలు ట్యూబు రబ్బరు చుట్టి ఉండేది.

"నువ్వు అబద్దం సెప్పనేదు బావా," అన్నారు ఆ రోజు. ఎంక్వైరీ మొదలయ్యాక ఆ మాట నాతో అన్న మొదటి మనిషి ఆయన.  ఎలా తెలుసని అడిగితే ఆయన దగ్గర సాక్ష్యమేమీ లేదు. "అబద్దం ఆడీవోడు ఎరుపు ముందే ఉంది, మంచు కమ్మీసింది, అవుపించనేదు అంతాడు. కళ్ళ ముందే మారిపోనాదని ఎవుడూ అనడు. అది ఎవుడూ నమ్మడు గదా" అన్నారు. కాబట్టి ఏదో ఉంది, పట్టుకోవాలి, అంతే ఆయన లెక్క.

అలా పది రోజులు కూర్చున్నాం. ఆయనకి ఖాళీ దొరికినప్పుడల్లా వచ్చేవారు, ఆరోజు సెలవైనా వచ్చేవారు. మా ఆవిడ ఇద్దరికీ అన్నం పెట్టి పంపేది. ఎండు చేపల పులుసు ఉంటే ఆయన మొహం వెలిగిపోయేది. మాటలు తక్కువ. మాటాడితే గరగర వినపడదు కదా. మే నెల ఎండలో, ఇనుము ధూళి గాలిలో, ఇద్దరు మగాళ్ళు ఒక పాట రాని రేడియో ముందు తలలు వంచుకుని కూర్చోవడం చూసి, అటుగా పోయేవాళ్ళు మాకు మతి పోయిందనే అనుకుని ఉంటారు. నాకు మాత్రం ఆ రోజుల్లో మనిషి పక్కన కూర్చున్నట్టనిపించిన చోటు అదొక్కటే.

పదకొండో రోజు పదిన్నర ప్రాంతంలో దొరికింది.

అది ఎలా దొరికిందో చెప్పాలంటే ఇంకో ముక్క చెప్పాలి. పై తీగలో ఒక చోట కొంత మేర కరెంటు ఉండదు. ఒక సబ్‌స్టేషన్ కరెంటుకీ ఇంకోదాని కరెంటుకీ మధ్య కావాలని వదిలిన ఖాళీ అది. అక్కడికి రాగానే మేం ఇంజను మీట ఆపేసి, బండి ఊపు మీద దాటి, అవతల మళ్ళీ మీట వేస్తాం. అలా వేసిన క్షణంలో ఇంజను ఒక్క గుక్కలో కరెంటు తాగుతుంది. ప్రతిసారీ కాదు, మీట సరిగ్గా ఏ క్షణంలో పడిందన్నదాన్ని బట్టి. ఆ రోజు పక్క లైన్లో ఖాళీ బోగీలతో కొండల వైపు పోయే బండి, ముందు రెండు ఇంజన్లు. రెండూ ఆ ఖాళీ దాటి మీట వేశాయి. రేడియో చిటుక్కుమనలేదు, ఫట్‌మంది, చెంప మీద కొట్టినట్టు. నేను తలెత్తేసరికి మన సిగ్నల్ పసుపు పోయి ఎరుపు. ఒకసారి ఉలిక్కిపడ్డ సిగ్నల్ నిమిషం దాకా తేరుకోలేదు, తర్వాత మళ్ళీ పసుపు.

నేను లేచి చిందులేశాను. సిగ్గు లేకుండా, పట్టాల పక్కన, సస్పెండైన మనిషిని. మేస్త్రి చిందులేయలేదు. అప్పటికే పెట్టె తలుపు తీసి, మోకాళ్ళ మీద కూర్చుని, కేబులు పై తొడుగు వెంట వేలు పోనిస్తూ అడుగుకి వెళ్ళారు. తొడుగు నుంచి వచ్చే ఎర్తు తీగ ఒక ఇనప పలకకి బోల్టుతో బిగించి ఉంది. చూడ్డానికి గట్టిగానే ఉంది. బోల్టు విప్పి, తీగ చివర ఉండే రాగి బిళ్ళ పైకెత్తారు. దాని కింద, ఇనుము మెరవాల్సిన చోట, వెండి రంగు నున్నగా మెరిసింది. రంగు మీదనే బిళ్ళ పెట్టి బిగించారు. రంగు కరెంటుని పోనివ్వదు. తీగ ఉంది, బోల్టు ఉంది, భూమి ఉంది, మధ్యలో కాగితం మందం రంగు అడ్డం. తొడుగు భూమికి కలవనే లేదు.

మేస్త్రి ఆ వెండి రంగు మీద వేలు పెట్టి చూశారు. నేను చిందులు ఆపేశాను.

"ఈ రంగు నాదే బావా," అన్నారు.

అంతకు ముందు చలికాలంలో పెద్ద ఆఫీసరు తనిఖీకి వచ్చాడు. తనిఖీ అంటే మా రైల్వేలో ఏమిటో రైల్వే వాళ్ళకి తెలుసు. రాళ్ళకి సున్నం, స్తంభాలకి నెంబర్లు, పెట్టెలకి రంగు. మిగతావాళ్ళు పైపైన పూసి వదిలేశారు. మేస్త్రి అలా చేయగలిగే మనిషి కాదు. ఉప్పు గాలికి పలక తుప్పు పడుతోందని, బోల్టు విప్పి, తుప్పు గీకి, పలక మొత్తం రెండు పూతలు వేసి, ఆరనిచ్చి, మళ్ళీ బిగించారు. పలక ఆరిందా అని చూశారు గానీ, బిళ్ళ కింద రంగు ఉండకూడదన్నది ఆ పూట మరిచిపోయారు. బద్ధకస్తుడు చేయలేని తప్పు అది. ఆ తనిఖీలో సెక్షన్ మొత్తానికి మంచి పెట్టె ఇదేనని ఆఫీసరు ఆయన భుజం తట్టాడు కూడా.

ఇప్పుడు నా సంగతి. తుప్పు గీకే గరుకు ఎమిరీ కాగితం ముక్క ఒక్కటి చాలు. రెండు నిమిషాలు గీకి బిగిస్తే ఆ సిగ్నల్ ఇంక ఎప్పుడూ అలా చేయదు, ఆయన పేరు ఎక్కడా రాదు. నా ఉద్యోగం మాత్రం గాలికి పోతుంది. కాగితం ఆయన బకెట్లోనే ఉంది, మా ఇద్దరికీ కనిపిస్తూనే ఉంది. కనీసం మర్యాదకైనా "నీకు ఇబ్బందేమో మేస్త్రీ" అని ఒక మాట అనాలి కదా. అనలేదు. అంటే నిజంగానే గీకేస్తారేమోనని భయం. నోరు మూసుకుని నిలబడ్డాను.

ఆయన కాగితం తియ్యలేదు. బిళ్ళని మళ్ళీ ఆ రంగు మీదే పెట్టి, బోల్టు వేలితో తిప్పి వదిలి, లేచారు. స్టేషన్‌కి పోయి, సిగ్నల్ పనిలోంచి తీసేశామని, బళ్ళని స్టేషన్ మాస్టరు రాసిచ్చే అనుమతి చీటీ మీద పంపమని రాసిచ్చారు. తర్వాత ఫెయిల్యూర్ల పుస్తకం తెరిచి నాకు చూపించారు. తనిఖీ తర్వాత ఆ సిగ్నల్ మీద మూడు ఫిర్యాదులున్నాయి, కాసేపు ఎరుపై మళ్ళీ బాగైందని. మూడింటికీ ఎదురుగా ఒకటే సమాధానం: దానంతట అదే సరయింది. మూడూ ఆయన రాతే.

"దానంతటది బాగుపడ్డం నువ్వెప్పుడైనా సూసినావా బావా?" అన్నారు. "ఇప్పుడు నాను గీకీస్తే నాలుగోది కూడా అలాగే రాసీవోణ్ణి. పెద్దోలు ఒచ్చి సూడాలి. సూసినాకే గీకుతాను."

పెద్దవాళ్ళు వచ్చారు, చూశారు. బోల్టు విప్పిన ప్రతివాడికీ ఆయనే చెప్పారు, ఇది నేను వేసిన రంగని. నెల తిరక్కుండా నన్ను మళ్ళీ ఇంజను ఎక్కించారు. ఆయనకి రావాల్సిన ప్రమోషన్ ఆగిపోయింది, తర్వాత కూడా రాలేదు. అంతకంటే పెద్ద శిక్ష వేరే ఉంది. ఆ సెక్షన్లో ఉన్న ప్రతి పెట్టె విప్పి, ఎర్తు పలక గీకి చూడాలని ఆర్డరొచ్చింది. నడి వేసవిలో గ్యాంగు మొత్తానికి ఆ చాకిరీ. నోరు మూసుకుని గీకేసుంటే పోయేదానికి, ఎవడో డ్రైవరు కోసం అందరినీ ఎండలో పడేశాడని వాళ్ళకి కడుపుమంట. టీకి పిలవడం మానేశారు. అన్నం దగ్గర పక్కకి జరగడం మొదలెట్టారు. పేరు పెట్టారు, రంగు మేస్త్రి అని.

ఇక్కడిదాకా రాయడం తేలిక. ఇందులో గొప్పంతా ఆయనది.

మరుసటి ఏడు ఒక మధ్యాహ్నం, రన్నింగ్ రూములో ఉన్నాం. డ్యూటీ దిగిన డ్రైవర్లు తిని పడుకునే చోటది. మళ్ళీ నలుగురిలో కలిశానన్న సంబరం నాకింకా కొత్తగానే ఉంది. ఎవరో టీ గ్లాసు వెలుతురుకి ఎత్తి చూసి, "గళాసు నల్లగైపోనాదర్రా. ఆ రంగు మేస్త్రిని పిలండి, రెండు పూతలు సిల్వరేసిత్తాడు, టీ పోసినా గళాసుకి తడి తగలదు" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. చిన్నగా కాదు, అందరికంటే గట్టిగా. వాళ్ళలో ఒకణ్ణని రుజువు చేసుకోవాలిగా.

నవ్వు ఆగాక వరండాలోంచి స్క్రూడ్రైవరు చప్పుడు వినిపించింది. గోడకున్న టెలిఫోను విప్పి బాగుచేస్తున్నారు మేస్త్రి. తలుపు తెరిచే ఉంది. ఆయన మూత బిగించి, ఫోను ఎత్తి, "హలో, ఇనబడతన్నాదా?" అని స్టేషన్‌ని అడిగి, పుస్తకంలో రాసి, బకెట్టు తీసుకుని మెట్లు దిగిపోయారు. నేను లేచి వెళ్ళలేదు. గ్లాసు చేతిలోనే ఉండిపోయింది.

ఆయన రిటైరైన రోజు దండ వేయడానికి వెళ్ళలేదు. డ్యూటీ ఉందని చెప్పాను. సెలవు పెట్టొచ్చు, పెట్టలేదు. వెళ్ళినవాళ్ళు అయిదుగురే అని తర్వాత విన్నాను.

ఆయన మాత్రం నన్ను వదల్లేదు. భార్య అంతకు ముందే పోయింది, పిల్లలు లేరు. కూర్మన్నపాలెంలో, ఉక్కు ఫ్యాక్టరీలో పనిచేసే ఎవరిదో ఇంటి వెనక రెండు గదుల వాటా అద్దెకి తీసుకుని ఉండేవారు. నేనింకా బండి తోలుతున్న రోజుల్లో, మబ్బు పట్టినప్పుడల్లా ఫోను చేసేవారు. "బావా, గరగర ఎక్కువగున్నాది. సిగ్నల్ ఉన్నట్టుండి మారిపోవచ్చు, కళ్ళెట్టి సూసుకో." నేను రిటైరై భీమిలి వచ్చేశాక కూడా ఆ ఫోన్లు ఆగలేదు. ఇప్పుడు చూసుకోవడానికి సిగ్నల్ లేదు కదా. అందుకని, "గొడుగు అట్టుకెల్లు" అనేవారు. ఒక్క నిమిషం మాట. నేను "సరే మేస్త్రీ" అనేవాణ్ణి. ఆయన ఇంకేదైనా అడిగితే బావుండునని చూస్తున్నట్టు కొంచెం ఆగి, పెట్టేసేవారు. నేను కూడా ఏమీ అడిగేవాణ్ణి కాదు. ఆ రెండు గదుల్లో ఆ మనిషి ఎవరితో మాటాడుతున్నాడో ఎప్పుడూ అడగలేదు.

ఒక్కసారి మాత్రం, రెండేళ్ళ కిందట, మా ఆవిడ పోరితే కూర్మన్నపాలెం వెళ్ళాను. బోర్లించిన బకెట్టు నాకు వేసి ఆయన మంచం మీద కూర్చున్నారు. టీ ఇచ్చారు. కిటికీలో రేడియో సన్నగా గరగరమంటోంది. దూరంగా ఎక్కడో బండి పోయినట్టుంది, చిటుక్కుమంది. "ఇన్నావా బావా?" అన్నారు, సంతోషంగా. అప్పుడు ధైర్యం చేశాను.

"మేస్త్రీ, అప్పుడు రన్నింగ్ రూముల... నాను నవ్వినాను. నువ్వు ఇన్నావు గదా?"

ఆయన టీ ఊదుకుంటూ నా వైపు చూడకుండా అన్నారు. "ఏ నవ్వు? నాను ఫోను బాగుసేత్తన్నాను గదా. నాకేటీ ఇనబడనేదు."

పది మైళ్ళ అవతల సముద్రం మీద మెరిస్తే వినే మనిషి ఆయన. నాలుగడుగుల దూరంలో నా నవ్వు వినలేదన్నారు. ఆయన నాతో ఆడిన అబద్ధం నాకు తెలిసి అదొక్కటే. దాని మీద మళ్ళీ మాట పెంచలేకపోయాను. పెంచాల్సింది.

కబురు తెలిసిన మర్నాడు యారాడ వెళ్ళాను. మేనల్లుడి ఇల్లు ఒడ్డుకి దగ్గర. నలభై దాటిన మనిషి, వల బాగుచేసుకుంటున్నాడు. మావ సామానంతా ఒక మూల పెట్టాడు. బకెట్టు, రెండు లుంగీలు, పెన్సిలు ముక్కల డబ్బా, రేడియో.

"అది పాడైపోనాదండి," అన్నాడు నేను రేడియో తీయగానే. "మా తాతది. పాట రాదు. మీట కూడా తిరగదు. మావే రంగేసి అంటించీసినాడు. ఎందుకో మరి."

చూశాను. ముల్లు తిప్పే మీటకీ పెట్టెకీ మధ్య వెండి రంగు బొట్టు, గట్టిగా ఆరిపోయి ఉంది. ఏ కేంద్రమూ పలకని ఆ చోటు నుంచి ఎవరూ జరపకుండా. రంగు ఎక్కడ వేయాలో ఆయనకి బాగా తెలుసు.

"ఇంతకీ మీరెవురండి?" అని మళ్ళీ అడిగాడు. ఈసారి వల కింద పెట్టి అడిగాడు.

"మీ మావ నా ఉజ్జోగం నిలబెట్టినాడు," అన్నాను. "తన పేరు పాడుసేసుకుని నిలబెట్టినాడు. ఆ పాడైన పేరు సూసి అందరూ నవ్వితే, నానూ నవ్వినాను. ఆ మడిసిని నాను."

 అతను రేడియోని ఒక ప్లాస్టిక్ సంచిలో చుట్టి నా చేతిలో పెట్టాడు.

భీమిలిలో రైలు లైను లేదు. ఇక్కడ ఆ రేడియోకి వినడానికి ఆకాశం తప్ప ఏమీ లేదు. కొత్త సెల్లులు వేసి కిటికీలో పెట్టాను. ఈ సాయంత్రం సముద్రం మీద ఇంకా ఏమీ కనిపించడం లేదు, మబ్బు లేదు, మెరుపు లేదు. మా ఆవిడ డాబా మీద ఆరేసిన బట్టలు అలాగే ఉన్నాయి. అయినా ఇందాకటి నుంచి గరగర చిక్కబడుతోంది. ఫోను పక్కనే పెట్టుకున్నాను. అది మోగదు. రేడియో ఒకసారి చిటుక్కుమంది. కాసేపాగి ఇంకోసారి, గట్టిగా.

"ఇన్నాను బావా," అన్నాను.